ఏడు రోజుల చీటీ

పన్నెండో చీర మడత పెడుతుండగా దురైసామి కుడి మోకాలు టక్కుమంది. ఇంకా ఉదయం పదకొండు కాలేదు. సాయంత్రం ఐదింటికి మొదలుపెట్టవలసిన గోలను ఆ మోకాలు ఈమధ్య ముందుగానే అందుకుంటోంది. అతడు దాన్ని పట్టించుకోకుండా అంచుకు అంచు కలిపి, చీరను గడ్డం కింద నొక్కిపెట్టి, రెండు చేతులూ బారచాపి దులిపి, కడుపుకు ఆనించి మడిచాడు. మొదటి మడతకు అరచెయ్యి, రెండోదానికి మోచెయ్యి, మూడోదానికి గడ్డం. పుట్టాక ఎవరి చేతిలోనూ పడనట్టు చీర బుద్ధిగా బల్లమీద కూర్చుంది. దురైసామి కూర్చోలేదు.

అమ్మేవాళ్ళకు కూర్చునే హక్కుందని చట్టం వచ్చాక, గాంధీపురంలోని ఆ బట్టలకొట్టు వాళ్ళు మూడో అంతస్తు నూలు చీరల విభాగానికి రెండు స్టూళ్ళు వేశారు. చట్టంలో స్టూలుంది గాని తీరిక లేదు. ఒక స్టూలు మీద అట్టపెట్టెలు, రెండోదాని మీద మంచినీళ్ళ కూజా హాయిగా కూర్చుని, నిలబడ్డవాళ్ళను చూస్తున్నాయి.

యాభై ఏడేళ్ళ మనిషి. సన్నగా, పైన కాస్త వంగి, బట్టలు తీసేసిన దండెంలా ఉంటాడు. ఎడమ భుజం కుడిదానికంటే వేలెడు కిందికి దిగింది. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ భుజం మీదే చీరలు వేసి చూపిస్తున్నాడు. బల్లమీద పడుకున్న చీర వేరు, మనిషి మీద పడిన చీర వేరు. ఆ మనిషికి మీసాలున్నా కొనేవాళ్ళకు అభ్యంతరం లేదు. కోయంబత్తూరు మొత్తం మీద ఇన్ని చీరలు ఒంటిమీద వేసుకున్న ఆడది ఒక్కతీ లేదు. ఆ గొప్ప దురైసామిదే.

ఊరందరికీ అమ్మే దురైసామి అమ్మకు మాత్రం అమ్మలేకపోయాడు.

"ఏన్‌ణా, పందొమ్మిదో చీరా తిరుక్కోని వచ్చేసిందా?" అన్నాడు బాలాజి, బల్ల కిందున్న సంచిని కాలితో కదిపి. బాలాజి ఆ విభాగానికి సూపర్‌వైజరు. ముప్పై ఏళ్ళవాడు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, ఫోనులో ఇంగ్లీషు.

"వచ్చేసింది."

"ఏం చెప్పింది అమ్మ ఈ తడవ?"

"నూలు ముతకంట."

"అది నూరు కౌంటణ్ణా, అంత సన్న నూలు!"

"నాకెందుకు చెప్తావు? వచ్చి ఆమెకి చెప్పు."

"అయ్యో, వేండాం సామీ. పోయిన తడవ వచ్చినందుకే నా చొక్కా పట్టి చూసి పాలిస్టరని చెప్పి పంపించింది. పెండ్లికి తీసిన చొక్కా అణ్ణా అది. నా పెండ్లాము ఇంకా మాట్లాడతా ఉండాది దాని గురించి."

బాలాజి సంచిలోంచి చీర తీసి, దానికి గుండుసూదితో గుచ్చిన మార్పిడి చీటీని వెలుతురుకు పట్టాడు. కొన్న ఏడు రోజుల్లోగా, కట్టని చీరను, మరకలేని చీటీతో తెస్తేనే ఆ కొట్టు మార్చి ఇస్తుంది. తేదీ కనబడకపోతే తాతలు దిగివచ్చినా ఇవ్వదు. "ఒక్క చుక్క మరక లేదు," అన్నాడు మెచ్చుకోలుగా. "పందొమ్మిదీ ఇట్లనే తెచ్చినావు."

తెచ్చింది దురైసామి. కాపాడింది అతని తల్లి పొన్నమ్మాళ్. చీరను ఎంత తిట్టినా చీటీని మాత్రం వక్కాకు పెట్టె కింద భద్రంగా ఉంచేది, ఒక్క సున్నం చుక్క అంటకుండా.

ఆమెకు ఎనభై మూడేళ్ళు. పీళమేడులో మిల్లు నడిచినన్నాళ్ళూ నూలు చుట్టే విభాగంలో పనిచేసింది. దారాన్ని రెండు వేళ్ళ మధ్య నలిపి, కళ్ళు మూసుకుని కౌంటు చెప్పేది. మిల్లు మూతబడింది గాని ఆ వేళ్ళు మూతబడలేదు. భర్త పోయాక కొడుకును పెంచింది ఆ వేళ్ళే. తన చీరలు తానే పోయి కొనుక్కునేది. కొడుకు పనిచేసే కొట్టు గుమ్మం మాత్రం తొక్కలేదు. "అమ్మేవాని మాటా తాగినవాని మాటా నమ్మగూడదు. కన్న కొడుకైనా సరే," అనేది.

ఆరేళ్ళ కిందట స్నానాల గదిలో జారింది. తుంటి విరిగింది. అప్పటినుంచి ముందుగదిలో మంచం, మంచం పక్కన కిటికీ, కిటికీ అవతల పక్కింటి గోడ. దిండ్లు పెట్టి లేపితే కాసేపు కూర్చుంటుంది. మిగతా వేళ పడుకునే ఉంటుంది. పడుకున్నది నడుమే, నోరు కాదు.

ఆమె కోసం దురైసామి తేని వస్తువు లేదు. పళని పంచామృతం తెస్తే, "నా పండ్లు పోయినాయని అంతా తీపే తెస్తారు," అంది. ఊటీ శాలువ తెస్తే గొర్రె వాసన అంది. దిండిగల్ పోయిన వాళ్ళతో చెప్పి ఆమె ట్రంకుపెట్టెకు మంచి తాళం తెప్పిస్తే, చేతిలో బరువు చూసి, "నేనే లోపల పడుండాను. దేనికిరా తాళం, నేను పారిపోతానని భయమా?" అంది. రేడియో పెడితే లోపల ఎవరో దగ్గుతున్నారంది. చివరికి అతనికి తెలిసిన విద్య ఒక్కటే మిగిలింది. పండక్కొకటి, మధ్యలో బుద్ధి పుట్టినప్పుడొకటి, చీరలు తేవడం మొదలుపెట్టాడు. పట్టు పట్టుకెళితే పట్టు విడవలేదు. నూలు తీసుకెళితే నూలుపోగంత జాలి చూపలేదు.

చీర తెచ్చిన ప్రతిసారీ ఒకటే తంతు. మనిషి మీద పడితేనే చీర తెలుస్తుందని కొట్టు నేర్పిన పాఠం కనుక, దురైసామి మడత విప్పి, పడుకున్న తల్లి మీద భుజం నుంచి పాదాల దాకా నిడుపుగా పరిచి, అంచు సర్ది, వెనక్కి జరిగి చూసేవాడు. ఆమె కళ్ళు గట్టిగా మూసుకునేది. "తీయ్‌రా. తీయ్ ముందు." తీశాక కొంగు రెండు వేళ్ళతో నలిపి ఏదో ఒక వంక పెట్టేది. ముతక. జారుడు. గంజి. బార్డరు మాట్లాడతాది. రంగు అరుస్తాది. "మార్చుకోని రా." అతడు ఇంకా సన్న నూలు వెతికేవాడు. కౌంటు పెరిగేకొద్దీ అమ్మ దిగివస్తుందని అతని నమ్మకం.

పోయిన వారం కాళ్ళు నీరుపట్టి ఉబ్బాయి. ఇంటికొచ్చి చూసిన డాక్టరు చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటూ, ఆసుపత్రి అక్కర్లేదన్నాడు. "ఆమెకు నచ్చింది ఇవ్వండి," అన్నాడు. దురైసామికి నవ్వు వచ్చింది, తర్వాత రాలేదు. మందులైతే చీటీ రాసిచ్చేవాడు. నచ్చింది ఏ కొట్లో దొరుకుతుందో రాయలేదు.

అతని కోరిక చిన్నది. తాను ఏరిన చీర ఒక్కటి, ఒక్క పూట, అమ్మ కట్టుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళు నిలబడిన కాళ్ళకు ఆ మాత్రం కూలి ముట్టాలి.

మధ్యాహ్నం రెండింటికి, టిఫిన్ డబ్బాలో పులుసన్నం సగం తిని వచ్చేసరికి ఒక ముసలి దంపతులు బల్ల ముందు నిలబడి ఉన్నారు. ఆయన చేతిలో గొడుగు, ఆమె చేతిలో ఖాళీ సంచి. ఏ ధరలో, ఏ రంగులో అని అడిగితే ఆమె తమిళంలో, "ఏదో ఒకటి, కొత్తదై ఉంటే చాలు," అంది. తర్వాత భర్త వైపు తిరిగి, "బస్సు పట్టుకోవాల, నిలబడి చూడొద్దు, తీసి కట్టించు," అంది తెలుగులో.

"మనవాళ్ళా?" అన్నాడు దురైసామి. "ఏ ఊరమ్మా?"

"ఉడుమలైపేట పక్కన, నాయనా. నా పేరు మీనాంబాళ్. మా ఆడబిడ్డ పోయింది ఈ పొద్దు. సింగానల్లూరులో ఇచ్చి ఉండారు. పుట్టినింటి కోడి మేం కదా వేయాల."

ఆ వైపు తెలుగిళ్ళలో కోడి అంటే కూత పెట్టేది కాదు, కూత ఆగినాక వేసేది. ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు తెచ్చి ఒంటిమీద కప్పే కొత్త చీర. కోడి కొనేవాళ్ళను దురైసామి ఇట్టే గుర్తుపడతాడు. వాళ్ళు బేరం ఆడరు. అద్దం అడగరు. ఎవరికని అడిగితే జవాబు ఒక క్షణం ఆలస్యమవుతుంది. ముప్పై ఒక్క ఏళ్ళలో ఎన్ని అమ్మాడో.

గోధుమరంగు చీరొకటి తీసి, అలవాటు చొప్పున ఒక్క దులుపుతో బల్ల పొడవునా పరిచాడు. అంచు సర్దాడు. మీనాంబాళ్ రెండడుగులు వెనక్కి వేసింది.

"మడిచెయ్ నాయనా, మడిచెయ్. అట్ల నిడుపుగా పరచొద్దు."

"ముందాని చూస్తారేమోనని…" ముందాని అంటే అక్కడ కొంగు.

"చూసేదానికి ఏముండాది? ఆమె అట్లనే పండుకోని ఉండాది ఇంట్లో. నువ్వు ఆ కాళ్ళ దగ్గర సరిచేసినావు చూడు, అక్కడ కోడి వేసినట్లనే కానొచ్చింది నాకు." ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మా ఆడబిడ్డ రెండేండ్లు మంచంలోనే. నేనొక దినం దుప్పటి కొత్తది తెచ్చి మీద వేస్తిని. ఎట్ల అరిచిందో తెలుసా? 'నేనింకా ఉండానే' అని అరిచింది. నాకు అప్పుడు అర్థం కాలేదు."

దురైసామి చేతులు చీర మీదే ఆగిపోయాయి.

"ఏం నాయనా, నిలబడిపోయినావు?"

"లేదమ్మా. ఇదో." మడిచాడు. మొదటి మడతకు అరచెయ్యి, రెండోదానికి మోచెయ్యి. మూడో మడత కుదరలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచాడు. వాళ్ళు సంచి తీసుకుని మెట్లు దిగిపోయారు. వెళ్ళాక కూజాను కిందపెట్టి స్టూలు మీద కూర్చున్నాడు. చట్టం వచ్చాక అదే మొదటిసారి.

పందొమ్మిది సార్లు. పడుకున్న మనిషి మీద, భుజం నుంచి పాదాల దాకా, అంచు సర్ది, వెనక్కి జరిగి మరీ చూశాడు. అమ్మకు వేళ్ళలో కౌంటు తప్పేది కాదు. లెక్క తప్పింది కొడుకు. కోడి అన్న మాట నోట అంటే నిజమవుతుందని ఆమె అనలేదు. నూలు ముతకంది. రంగు అరుస్తోందంది. అరిచింది రంగు కాదు.

"అణ్ణా, ఒళ్ళు బాలేదా?" బాలాజి వచ్చి నిలబడ్డాడు.

"ఐదింటికి పర్మిషన్ కావాల. పందొమ్మిదోది మార్చి ఇంకొకటి తీసుకుంటాను."

"ఏ కౌంటు?"

"కౌంటు ఏదైనా సరే."

బాలాజి పందొమ్మిదో చీర చీటీ ఊడదీశాడు.

దురైసామి ఈసారి వెతకలేదు. చెయ్యి వేసిన రెండో అరలోనే ఉంది. బెండపువ్వు రంగు నూలు చీర, వక్కరంగు సన్నటి అంచు. మామూలు చీర. ఎవరూ అద్దం దాకా తీసుకెళ్ళక అది ఎనిమిది నెలలుగా అక్కడే ఉంది. చీటీ మీద తేదీ వేయించి, గుండుసూది గుచ్చి, సంచిలో పెట్టుకున్నాడు. అవినాశి రోడ్డు బస్సులో ఎవరో లేచి చోటిస్తే వద్దనకుండా కూర్చున్నాడు. ఆగిన ప్రతిచోటా సంచి జారకుండా పట్టుకున్నాడు.

ఇల్లు చేరేసరికి గుమ్మంలోకే వినబడింది. టక్, టక్, టక్. పళ్ళు పోయినప్పటినుంచి పొన్నమ్మాళ్ వక్కాకును చిన్న ఇనుప రోట్లో వేసి దంచుకుంటుంది. పొట్టమీద రోలు పెట్టుకుని, పడుకునే దంచుతుంది. ఆ చప్పుడు ఆగితే ఇంట్లో ఏదో మాట రాబోతోందని అర్థం. ఆగింది.

"ఇరవయ్యోదా?"

"అవును."

"ఒరే దొరై, నీకు సిగ్గనేది ఏ కౌంటులో ఇచ్చినాడురా దేవుడు?"

దురైసామి చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. భార్య చిత్రను పిలిచాడు. ఇద్దరూ కలిసి ఆమెను లేపి, వీపుకు మూడు దిండ్లు పెట్టి, గోడకు ఆనించి కూర్చోబెట్టారు. "మెల్లగా, మెల్లగా, నేనేమి నూలు మూటనా," అని ఆమె గొణిగింది. అతడు నేలమీద తెల్ల దుప్పటి పరిచాడు. సంచి పక్కనపెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"రండమ్మా, రండి. ఏం చూపించమంటారు?"

పొన్నమ్మాళ్ కోడలి వైపు చూసింది. "ఏం చిత్రా, వీడు తాగినాడా?"

"నాకు తెలీదత్తా. కొట్లో ఇట్లనే ఉంటాడేమో."

దురైసామి చీర విప్పాడు. ఒక్క దులుపుతో ముందాని గాల్లో తెరుచుకుంది. దాన్ని తన ఎడమ భుజం మీద వేసుకుని, కుచ్చిళ్ళు నాలుగు వేళ్ళతో పట్టి, నడుము దగ్గర నొక్కి, ముందు నుంచి, పక్కనుంచి, వీపు వైపు నుంచి నెమ్మదిగా తిరిగి చూపించాడు. తిరిగేటప్పుడు మోకాలు టక్కుమంది. నెరిసిన మీసాల కింద బెండపువ్వు రంగు మెరిసింది.

ముసలామె నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు తగ్గాక కళ్ళు తుడుచుకుని, గొంతు సర్దుకుంది. ఇప్పుడామె గొంతులో ఒక తెచ్చిపెట్టుకున్న బిగువు ఉంది. జీవితంలో మొదటిసారి కొడుకు కొట్లో కాలుపెట్టిన కొనుగోలుదారు ఆమె.

"ఏ ఊరిది ఇది?"

"మన ఊరిదేనమ్మా."

"రంగు పోతాదా?"

"పోతే నేను పోతానమ్మా, అది పోదు."

"ఓ, ఇట్లనా మాట్లాడి అమ్మేది! ఆ పక్క తిరుగు. అంచు చూపించు. ఇంకా పైకి ఎత్తు. సరి, ఈ పక్క." అతడు తిరిగాడు. ఆమె చూపు చీర మీదనుంచి జారి, కింద, పాదాల మీద ఆగింది. చీలమండల దగ్గర నీలంగా మెలితిరిగిన నరాలు. "ఏం రా, దినామూ ఇట్లనేనా నిలబడేది?"

"ఇట్లనే."

"పొద్దంతానా?"

"పొద్దంతా."

"కాళ్ళు నొయ్యవా?"

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ ప్రశ్న అతణ్ణి ఎవరూ అడగలేదు. చీర భుజాన ఉండగానే దురైసామి మంచం అంచున కూర్చున్నాడు. ఆమె చెయ్యి చాచి కొంగును రెండు వేళ్ళ మధ్య పట్టుకుంది. నలపలేదు. ఊరికే పట్టుకుంది.

"ఈ తడవ మీద వేయలేదే," అంది.

"లేదు."

"ఎవరు చెప్పినార్రా?"

"ఎవరూ లేదు."

ఆమె కిటికీ వైపు చూసింది. పక్కింటి గోడమీద సాయంత్రపు ఎండ ఒక జానెడు మిగిలి ఉంది. "బార్డరు ఇంకా కొంచెం పెద్దది ఉండొచ్చు," అంది. "పెట్టిపో. చీటీ ఏది? ఏడు దినాలు ఉండాది కదా, చూస్తాం."

దురైసామి చీటీ ఊడదీసి చేతికిచ్చాడు. కూలి ముట్టినట్టా, బాకీ పడినట్టా, అతనికి తెలియలేదు. అలసట మాత్రం తెలిసింది. చీర మడిచి మంచం తలవైపు కుర్చీమీద పెట్టి, చొక్కా విప్పుకుని, మొహం కడుక్కోవడానికి లోపలికి పోయాడు. వెనక టక్, టక్ మళ్ళీ మొదలైంది. చిత్ర ఇచ్చిన గంజి ఆ పూట ఆమె గిన్నె అడుగుదాకా తాగింది. ఉప్పు ఎక్కువైందని కూడా అంది.

తెల్లవారి కాఫీ తీసుకెళ్ళిన చిత్ర గ్లాసుతో అలాగే తిరిగి వచ్చింది. దురైసామి వెళ్ళి చూశాడు. తల గోడవైపు వాలి ఉంది. రోలు పొట్టమీద లేదు, ఎవరో జాగ్రత్తగా దింపినట్టు దిండు పక్కన ఉంది.

పదింటికి పళని దగ్గరి పల్లెనుంచి మేనమామ కొడుకు రత్నసభాపతి కోడితో వచ్చాడు. దారిలో బస్టాండు దగ్గర కొన్న చీర. నీలం, పాలిస్టరు, తళతళ. పుట్టింటివాళ్ళే వేయాలి, కొడుకు వేయకూడదు. రత్నసభాపతికి అలవాటు లేదు. భుజం నుంచి పాదాల దాకా పరిచాడు గాని అంచు వంకరపోయింది. దురైసామి ఒక్క క్షణం చూసి, వంగి, పాదాల దగ్గర అంచు సర్ది, వెనక్కి జరిగాడు. అది అతని పని. ఈసారి ఎవరూ తీయ్‌రా అనలేదు. ఏ కౌంటని అడగలేదు.

ఏడో రోజు పలకరించడానికి బాలాజి వచ్చాడు. కాసేపు కూర్చుని, కుర్చీమీద ఉన్న బెండపువ్వు రంగు చీరను చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "అణ్ణా, తప్పుగా ఎంచొద్దు. ఇయ్యాల్టితో అయిపోతాది కదా గడువు. ఇవ్వండి, నేను తీసుకుపోయి వదినకి వేరేది మార్చి పంపిస్తాను."

"అట్లనే చెయ్యండి," అంది చిత్ర. "ఇది చూస్తే నాకు ఆయన భుజాన వేసుకోని తిరిగిందే కానొస్తాది."

దురైసామి లేచి వక్కాకు పెట్టె ఎత్తి చూశాడు. కింద చీటీ లేదు. దిండు కింద, పరుపు కింద, రోలు కింద వెతికాడు. లేదు. చివరికి పెట్టె తెరిచాడు. వాడిన తమలపాకులు రెండు, సున్నం డబ్బా, వాటి మధ్య చిన్న పొట్లం.

మార్పిడి చీటీ. నాలుగు మూలలూ లోపలికి నొక్కి, గట్టిగా, కొట్టువాళ్ళ మడతకంటే నీటుగా మడిచిన పొట్లం. తేదీ ఉండవలసిన చోట బొటనవేలంత సున్నం ఎండిపోయి ఉంది.

బాలాజి చెయ్యి చాచి, చూసి, వెనక్కి తీసుకున్నాడు.

దురైసామి పొట్లం విప్పాడు. లోపల, మరుసటి రోజుకని దంచి పెట్టుకున్న వక్కపొడి, రెండు చిటికెలు.